మెయిన్‌లో ట్రై-క్యాచ్ పెట్టినా ప్రోగ్రామ్ మూసుకుపోతోంది: ఎవరూ పట్టని ఎక్సెప్షన్‌ను ఎక్కడ పట్టాలి?

కాటా_లెక్క (గుంటూరు)
ఫిబ్రవరి 3, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టుకు కాటా ప్రోగ్రామ్ రాసిచ్చాను. సీ షార్ప్, విండోస్ ఫారమ్స్, డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8. ఎలక్ట్రానిక్ కాటా నుంచి సీరియల్ పోర్టు ద్వారా తూకం వస్తుంది. గుమాస్తా రైతు పేరు, రకం, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య కొట్టి భద్రపరిస్తే కాటా చీటీ అచ్చవుతుంది. సాయంత్రం ఆ చీటీల నుంచే పట్టీలు (రైతులకిచ్చే లెక్క కాగితాలు) తయారవుతాయి.

రోజుకు రెండు మూడుసార్లు ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మూసుకుపోతోంది. పనిచేయడం ఆగిపోయిందని విండోస్ ఒక చిన్న కిటికీ చూపిస్తుంది, అంతే. మెయిన్‌లో అప్లికేషన్.రన్ చుట్టూ ట్రై-క్యాచ్ (నడిచేటప్పుడు వచ్చే తప్పును, అంటే ఎక్సెప్షన్‌ను, పట్టే ఏర్పాటు) పెట్టాను. ఇంట్లో విజువల్ స్టూడియోలో ఒక బటన్ నుంచి కావాలని ఎక్సెప్షన్ విసిరి చూస్తే క్యాచ్‌లోకి చక్కగా వస్తోంది. అదే ప్రోగ్రామ్ కొట్టులో నడిపితే క్యాచ్‌లో రాసిన ఒక్క వాక్యమూ నడవడం లేదు. ఈ రోజు తేజ రకం బాగా దిగింది. కాటా దగ్గర రైతులు వరుసగా నిలబడి ఉండగా మధ్యాహ్నం రెండుసార్లు ఆగిపోయింది. నాకు మొహం చెల్లడం లేదు. ఎక్కడ వెతకాలో దయచేసి చెప్పండి.

బందరు_రోడ్డు (విజయవాడ)
ఫిబ్రవరి 3, రాత్రి 11:05

రెండు చోట్లా రెండు రకాలుగా కనిపించడం మీ భ్రమ కాదండీ. విండోస్ ఫారమ్స్ తీరే అది.

మామూలు కన్సోల్ ప్రోగ్రామ్‌లో మెయిన్ ఒకదాన్ని పిలుస్తుంది, అది ఇంకొకదాన్ని పిలుస్తుంది. లోపల విసిరిన ఎక్సెప్షన్ అదే దారిన పైకి తేలుతూ మెయిన్ దాకా వస్తుంది. ఈవెంట్ల మీద నడిచే ప్రోగ్రామ్‌లో అప్లికేషన్.రన్ సందేశాల చక్రం తిప్పుతూ కూర్చుంటుంది. బటన్ నొక్కారు, కీ కొట్టారు, కిటికీని మళ్లీ గీయాలి అంటూ విండోస్ ఒక్కో సందేశం అందిస్తుంది. అంటే మీ హ్యాండ్లర్‌కూ (ఆ సందేశం వచ్చినప్పుడు నడిచే మీ కోడ్) మీ మెయిన్‌కూ మధ్య విండోస్ సొంత కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ను దాటుకుంటూ డాట్ నెట్ ఎక్సెప్షన్ పైకి పోవడం క్షేమం కాదు. అందుకని ఫారమ్స్ లైబ్రరీ ప్రతి సందేశం గుమ్మం దగ్గరా తనే ఒక క్యాచ్‌ను కాపలా పెట్టింది. అక్కడ దొరికినదాన్ని అప్లికేషన్ తరగతిలోని థ్రెడ్ఎక్సెప్షన్ ఈవెంట్‌కు అప్పగిస్తుంది. ఆ ఈవెంట్‌కు మీరు హ్యాండ్లర్ ఇవ్వకపోతే, కొనసాగించాలా ఆపాలా అని అడిగే కిటికీని తానే చూపిస్తుంది. మెయిన్‌లోని మీ క్యాచ్‌కు ఆ సంగతే తెలియదు.

డీబగ్గర్ తగిలించి నడిపితే మాత్రం ఆ కాపలా పక్కకు తప్పుకుంటుంది. తప్పు పుట్టిన చోటే ప్రోగ్రామర్‌కు కనపడాలన్నది వాళ్ల ఉద్దేశం. అందుకే ఇంట్లో మీ క్యాచ్ పనిచేసినట్టు కనిపించింది. ఇలాంటివి పరీక్షించేటప్పుడు డీబగ్గర్ లేకుండా, ఎగ్జిక్యూటబుల్ ఫైలును నేరుగా తెరిచి చూడండి. నేనూ తొలి రోజుల్లో దీని దగ్గర రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

ఒక మాట గమనించండి. కొట్టులో ఆ కొనసాగించాలా అన్న కిటికీ కూడా రాలేదని రాశారు. అంటే తప్పు యూఐ థ్రెడ్‌లో (తెరను నడిపే పని వరుస) పుట్టినట్టు లేదు. వేరే థ్రెడ్‌లో పుట్టి ఉంటుంది. సీరియల్ పోర్టు అన్నారు కాబట్టి నా అనుమానం అటే.

అరండల్‌పేట_జావా (గుంటూరు)
ఫిబ్రవరి 4, ఉదయం 7:10

అనుమానాలు అక్కర్లేదు. ఆ కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్, అప్లికేషన్ లోకి వెళ్లండి. డాట్ నెట్ రన్‌టైమ్ పేరు మీద 1026 నంబరు నమోదు ఉంటుంది. ఎవరూ పట్టని ఎక్సెప్షన్ పేరూ, అది ఏ పిలుపుల గుండా వచ్చిందో అన్నీ అందులో రాసి ఉంటాయి.

కాటా_లెక్క (గుంటూరు)
ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1:35

దొరికిందండీ! ఫార్మాట్ఎక్సెప్షన్. డెసిమల్.పార్స్ దగ్గర, అంటే అక్షరాలను సంఖ్యగా మార్చే చోట. దాన్ని పిలిచింది సీరియల్ పోర్టుకు డేటా రాగానే మోగే డేటారిసీవ్డ్ హ్యాండ్లర్. గత వారం రోజుల్లో పద్నాలుగు నమోదులున్నాయి, అన్నీ ఇదే. బందరు రోడ్డు గారి అనుమానం సరిగ్గా సరిపోయింది. కానీ కాటా పంపేది అంకెలే కదా, పార్స్ ఎందుకు విఫలమవుతుంది?

బందరు_రోడ్డు (విజయవాడ)
ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2:15

సీరియల్ పోర్టుకు వాక్యం ఎక్కడ ముగిసిందో తెలియదు. దానికి బైట్లే తెలుసు. కాటా ఒక తూకాన్ని పది పన్నెండు అక్షరాలుగా పంపుతుంటే, ఐదు రాగానే డేటారిసీవ్డ్ మోగవచ్చు, మిగిలినవి ఇంకో దఫా రావచ్చు. ప్రతి మోతకూ ఒక పూర్తి తూకం ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. వచ్చినదాన్ని ఒక బఫర్‌లో పోగేసి, ముగింపు గుర్తు కనిపించాకే దాన్ని ఒక తూకంగా తీసుకోవాలి. పార్స్ బదులు, విఫలమైతే ఎక్సెప్షన్ విసరకుండా కుదరలేదని మాత్రమే చెప్పే ట్రైపార్స్ వాడండి. సగం తూకం రావడం వింతేమీ కాదు, రోజూ జరిగేదే. రోజూ జరిగేదానికి ఎక్సెప్షన్ అవసరం లేదు.

ప్రోగ్రామ్ మొత్తం పడిపోవడానికి కారణం వేరు. డేటారిసీవ్డ్ యూఐ థ్రెడ్‌లో నడవదు, థ్రెడ్‌పూల్‌లోని (రన్‌టైమ్ సిద్ధంగా ఉంచే థ్రెడ్ల గుంపు) ఏదో ఒక థ్రెడ్‌లో నడుస్తుంది. అక్కడ ఎవరూ పట్టని ఎక్సెప్షన్ వస్తే ప్రాసెస్ మొత్తం పోతుంది. డాట్ నెట్ 1.0, 1.1 కాలంలో ఇలా ఉండేది కాదు. పూల్ థ్రెడ్‌లో వచ్చిన ఎక్సెప్షన్‌ను రన్‌టైమ్ చప్పుడు లేకుండా మింగేసేది. పని ఆగిపోయేది, ఎందుకాగిందో ఎవరికీ తెలిసేది కాదు. 2005లో వచ్చిన 2.0 నుంచి నియమం మార్చారు. పాత తీరు కావాలంటే కాన్ఫిగ్ ఫైలులో ఒక మీట వదిలారు కానీ దాని జోలికి వెళ్లకండి.

ఆప్‌డొమైన్ తరగతిలో అన్‌హ్యాండిల్డ్ఎక్సెప్షన్ అనే ఈవెంట్ ఉంది. ఏ థ్రెడ్‌లో వచ్చినా చివరికి అది మోగుతుంది. అయితే పోయే ప్రాసెస్‌ను అది ఆపలేదు. చివరి మాటలు రాసుకోవడానికే ఆ అవకాశం.

పటమట_డెవ్ (విజయవాడ)
ఫిబ్రవరి 4, సాయంత్రం 6:40

ఇంతకన్నా సులువైన దారి ఉంది. డేటారిసీవ్డ్‌లో ఏ పనీ చేయకుండా వచ్చిన అక్షరాలను బిగిన్ఇన్వోక్‌తో యూఐ థ్రెడ్‌కు పంపేయండి, పార్స్ అక్కడ చేయండి. తప్పు వస్తే థ్రెడ్ఎక్సెప్షన్‌కే వెళ్తుంది. దానికి ఒక ఖాళీ హ్యాండ్లర్ ఇవ్వండి. ప్రోగ్రామ్ ఆగదు, గుమాస్తాకు ఏ కిటికీ కనిపించదు. తర్వాతి తూకం ఎలాగూ వస్తుంది కదా. మా బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో రెండేళ్లుగా ఇలాగే ఉంది. ఎవరూ పట్టని ఎక్సెప్షన్ ఎటు పోవాలో చెప్పే సెట్అన్‌హ్యాండిల్డ్ఎక్సెప్షన్‌మోడ్ పిలుపును మాత్రం మొదటి ఫారం పుట్టకముందే, మెయిన్ మొదట్లోనే పెట్టండి. కిటికీ తయారయ్యాక పెడితే అదే ఎక్సెప్షన్ విసురుతుంది.

కాటా_లెక్క (గుంటూరు)
ఫిబ్రవరి 4, రాత్రి 9:50

చాలా థాంక్స్ అండీ. పటమట గారు చెప్పినట్టు పెట్టి వచ్చాను. బఫర్ పని ఆదివారం తీరికగా చేస్తాను. రేపు సరుకు ఎక్కువ వస్తుందంటున్నారు, ముందు ఆగకుండా ఉంటే చాలు.

కాటా_లెక్క (గుంటూరు)
ఫిబ్రవరి 6, రాత్రి 11:30

రెండు రోజులుగా ప్రోగ్రామ్ ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ జరిగింది చెప్పాలి.

నిన్న ఒక రైతువి 18 టిక్కీలు తూచారు. 774 కిలోలు వచ్చింది. ఆ తర్వాతి రైతువి 11 టిక్కీలు. చీటీ మీద మళ్లీ 774 అచ్చయింది. గుమాస్తా గారు పాతికేళ్లుగా చీటీలు చూస్తున్న మనిషి కాబట్టి వెంటనే పట్టారు, పదకొండు టిక్కీలకు అంత బరువేమిటని. మళ్లీ తూచి సరిచేశారు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. రెండో రైతు తూకం సగమే వచ్చింది, పార్స్ విఫలమైంది, ఖాళీ హ్యాండ్లర్ దాన్ని మింగేసింది. తెరమీద పాత తూకం అలాగే ఉండిపోయింది. భద్రపరిచే బటన్ నొక్కడానికి సిద్ధంగానే ఉంది.

ఈ రోజు కూర్చుని రెండు రోజుల చీటీలన్నీ వరుసగా చూశాను. పక్కపక్కన ఉన్న రెండు చీటీల్లో ఒకే తూకం ఎక్కడైనా ఉందా అని. ఒకటి దొరికింది. ఇద్దరు రైతులవీ 20 టిక్కీల చొప్పున, ఇద్దరికీ 861 కిలోలు. టిక్కీలు సమానం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కొట్టు యజమానికి చెప్పాను. ఆయన సరుకు కొన్నవారిని అడిగితే, కోల్డ్ స్టోరేజీలో దించేటప్పుడు రెండో రైతు సరుకు 874 కిలోలు తూగిందని తేలింది. 13 కిలోల తేడా. ఆయన ఆ రైతుకు ఫోను చేసి ఆ డబ్బు పంపించారు. నన్ను ఒక్క మాట అనలేదు. నాకు నిద్ర పట్టడం లేదు.

పటమట_డెవ్ (విజయవాడ)
ఫిబ్రవరి 7, ఉదయం 6:55

నేనిచ్చిన సలహా వల్లే ఇది జరిగింది. చదివాక మనసు బాగోలేదు. మా ప్రోగ్రామ్‌లోని ఖాళీ హ్యాండ్లర్‌ను ఈ రోజే తీసేస్తున్నాను. రెండేళ్లలో అది ఏమేమి మింగిందో ఇప్పుడు తెలుసుకునే దారి కూడా లేదు.

బందరు_రోడ్డు (విజయవాడ)
ఫిబ్రవరి 7, ఉదయం 9:20

కాటా లెక్క గారూ, వెనక్కి వెళ్లి చీటీలు వెతికారు చూడండి, అది చాలామంది చేయరు. ఆ పని చేసినందుకు మీ మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు అసలు సంగతి మాట్లాడుకుందాం. ఎక్సెప్షన్ వచ్చిందంటే ఒక పని సగంలో తెగిపోయిందని అర్థం. ముందు సగం జరిగింది, వెనక సగం జరగలేదు. మీ చివరి హ్యాండ్లర్‌కు తెలిసేది ఆ తెగిన సంగతి ఒక్కటే. ఏది జరిగిందో, ఏది జరగలేదో, జ్ఞాపకంలోని విలువల్లో ఏవి పాతవో ఏవి కొత్తవో దానికి తెలియదు. తెలియనప్పుడు కొనసాగించే అధికారం దానికి లేదని నా అభిప్రాయం. అక్కడ చేయాల్సింది జరిగినది జరిగినట్టు లాగ్‌లో రాయడం, మనిషికి అర్థమయ్యే మాట చెప్పడం, మర్యాదగా మూసేయడం. ఖాళీ హ్యాండ్లర్ కన్నా మొదటి రోజు మీరు చూసిన పడిపోవడమే మేలు. పడిపోయిన ప్రోగ్రామ్ తప్పుడు చీటీ ఇవ్వదు.

గవర్నర్‌పేట_పాతకోడ్ (విజయవాడ)
ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 12:45

బందరు రోడ్డు గారితో నేను సగమే ఏకీభవిస్తాను. పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను వీబీ 6లో పనిచేశాను, దానికి ముందు డెల్ఫీలో. ఈ రెండూ ఒకే కాలం నాటి పనిముట్లు, కానీ ఈ విషయంలో స్వభావాలు పూర్తిగా వేరు. వీబీ 6లో ప్రతి ఈవెంట్ ప్రొసీజరూ ఒక కొస. అందులో ఆన్ ఎర్రర్ రాయలేదో, ఒక సందేశం చూపించి ప్రోగ్రామ్ మొత్తం మూసేసేది. అన్నింటికీ కలిపి ఒక్కచోట పట్టే ఏర్పాటే లేదు. అందుకే అప్పట్లో విసిగిపోయిన వాళ్లు ప్రతి ప్రొసీజర్ మొదట్లోనూ ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ (తప్పు వచ్చినా పట్టించుకోకుండా తర్వాతి వాక్యానికి పో) అని రాసి పడేసేవారు. మీ ఖాళీ హ్యాండ్లర్‌కు తాత అది. ఒక బట్టల దుకాణం నిల్వల లెక్క ఆ ఒక్క వాక్యం వల్ల సంవత్సరం పాటు తప్పుగా నడవడం నేను కళ్లారా చూశాను.

1995లో వచ్చిన డెల్ఫీ దీనికి భిన్నం. సందేశాల చక్రం దగ్గర దాని అప్లికేషన్ వస్తువే పట్టుకుని, సందేశాన్ని పెట్టెలో చూపించి, ప్రోగ్రామ్‌ను నడవనిచ్చేది. కావాలంటే ఆన్ఎక్సెప్షన్‌కు మన సొంత హ్యాండ్లర్ ఇచ్చుకోవచ్చు. దాని మీద పదేళ్లు నడిచిన ప్రోగ్రామ్‌లు నావి ఉన్నాయి. ఎవరి లెక్కా చెడలేదు. ఎందుకు చెడలేదు? ప్రతి ఈవెంట్‌లోనూ పని మొదలుపెట్టే ముందు ట్రాన్సాక్షన్ తెరిచేవాళ్లం. తెగితే ఫైనల్లీ భాగంలో అంతా వెనక్కి తీసేవాళ్లం. జరిగితే మొత్తం జరిగేది, లేదా ఏమీ జరగనట్టే ఉండేది. అలా రాసినప్పుడు కొనసాగడంలో ప్రమాదం లేదు.

ఇంకొకటి. ప్రోగ్రామ్‌ను మూసేయమని విజయవాడలో కూర్చుని చెప్పడం తేలిక. ఎండలో బస్తాల మీద కూర్చున్న రైతుకు ఆ మూసివేత ఊరికే పోదు. ఏమీ తెలియని పరిస్థితిలో మూసేయాల్సిందే, కాదనను. కానీ మనకు తెలిసిన పరిస్థితుల సంఖ్యను పెంచుకోవడం మన పని. సగం తూకం వచ్చిందా, ఆ ఒక్క తూకాన్నే చెల్లదని చెప్పి మళ్లీ తూచమనాలి. ప్రింటర్‌లో కాగితం అయిపోయిందా, చీటీ భద్రంగా ఉందని చెప్పి మళ్లీ అచ్చు వేయమనాలి. ఇవి పుట్టిన చోటే పట్టుకోవాల్సినవి. ఇవన్నీ పోగా మిగిలిందే చివరి హ్యాండ్లర్ దగ్గరికి రావాలి.

బందరు_రోడ్డు (విజయవాడ)
ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 1:30

మీరు చెప్పిన డేటాబేస్ క్రమశిక్షణకు నమస్కారం. నాకు మిగిలిన సందేహం ఒక్కటే. ట్రాన్సాక్షన్ వెనక్కి తీసేది డేటాబేస్‌లోని విలువలను. తెరమీద ఉన్న 774ను అది వెనక్కి తీయదు, ఫారం తరగతిలోని వేరియబుల్‌ను ముట్టుకోదు. ఇక్కడ జరిగిన అనర్థం సరిగ్గా అక్కడే జరిగింది.

గవర్నర్‌పేట_పాతకోడ్ (విజయవాడ)
ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 2:05

ఒప్పుకున్నాను. అందుకు నా పద్ధతి: కొత్త తూకం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టగానే మొదటి వాక్యంలోనే పాత తూకాన్ని చెరిపి బటన్‌ను ఆపేయాలి. సరైన తూకం చేతికొచ్చాక, అన్నీ సరిపోయాక, చివరి వాక్యంలో బటన్‌ను తెరవాలి. మధ్యలో ఎక్కడ తెగినా తూకం గడి ఖాళీగా ఉంటుంది, బటన్ మూసి ఉంటుంది. అప్పుడు హ్యాండ్లర్ మంచిదైనా చెడ్డదైనా తప్పుడు చీటీ పుట్టదు.

బందరు_రోడ్డు (విజయవాడ)
ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 2:20

ఇది నాకు నచ్చింది. హ్యాండ్లర్ మీద ఆధారపడకుండానే కాపాడుతుంది.

కృష్ణలంక_పైథాన్ (విజయవాడ)
ఫిబ్రవరి 7, రాత్రి 8:15

సర్, మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను చివరి సంవత్సరం విద్యార్థిని. పైథాన్‌లో కిటికీలు తయారుచేసే పైక్యూటీ 5 లైబ్రరీతో ప్రాజెక్టు చేస్తున్నాను. స్లాట్‌లో (బటన్ నొక్కడం లాంటివి జరిగినప్పుడు నడిచే ఫంక్షన్) చిన్న తప్పు వచ్చినా ప్రోగ్రామ్ అబార్ట్ అయి మూసుకుపోతోంది. అదే మా సీనియర్ టికింటర్ (అలాంటిదే ఇంకో లైబ్రరీ) ప్రాజెక్టులో ఎన్ని తప్పులున్నా ఏమీ కానట్టే నడుస్తుంది. పైథాన్ ఒకటే కదా, ఎందుకీ తేడా?

అరండల్‌పేట_జావా (గుంటూరు)
ఫిబ్రవరి 7, రాత్రి 9:40

భాష ఒకటే అయినా చక్రం తిప్పేది వేరు తమ్ముడూ. పైక్యూటీలో 5.5 వెర్షన్ నుంచి, స్లాట్‌లో పట్టని ఎక్సెప్షన్ వస్తే క్యూఫేటల్ పిలిచి అబార్ట్ చేస్తారు. అంతకుముందు తెరమీద ట్రేస్‌బ్యాక్ రాసి ఊరుకునేది. నువ్వు సిస్.ఎక్సెప్ట్‌హుక్‌కు సొంత ఫంక్షన్ ఇస్తే అబార్ట్ జరగదు, నీ ఫంక్షన్‌కే వస్తుంది. టికింటర్‌లో ఎక్సెప్ట్‌హుక్ పనిచేయదు. కాల్‌బ్యాక్‌లో వచ్చినదాన్ని టికింటరే పట్టుకుని రిపోర్ట్_కాల్‌బ్యాక్_ఎక్సెప్షన్ అనే పద్ధతికి ఇస్తుంది, అది మామూలుగా ఎర్రర్ స్ట్రీమ్‌లో రాసి వదిలేస్తుంది. కన్సోల్ లేకుండా నడిపితే ఆ రాత ఎవరికీ కనపడదు. మీ సీనియర్ ప్రోగ్రామ్‌లో తప్పులు లేవని కాదు, కనపడటం లేదు. ఆ పద్ధతిని మార్చి ఫైలులో రాయమని చెప్పు. థ్రెడ్లు వాడుతుంటే వాటికి ఇంకో హుక్ ఉంది, థ్రెడింగ్.ఎక్సెప్ట్‌హుక్, పైథాన్ 3.8 నుంచి.

క్యూటీ అసలు సీ ప్లస్ ప్లస్‌లోనే ఈవెంట్ హ్యాండ్లర్ల నుంచి ఎక్సెప్షన్ బయటికి రావడాన్ని ఒప్పుకోదు. అందుకే అంత కఠినంగా ఉంటుంది.

నేను రోజూ చూసేది జావా స్వింగ్, జావాలో కిటికీల లైబ్రరీ. అక్కడ ఈవెంట్ థ్రెడ్‌లో తప్పు వచ్చినా చక్రం ఆగదు, తర్వాతి ఈవెంట్లు మామూలుగా నడుస్తాయి. జావా 5 నుంచి థ్రెడ్ తరగతిలో డీఫాల్ట్ అన్‌కాట్ ఎక్సెప్షన్ హ్యాండ్లర్ ఉంది, అది పెడితే దాదాపు అన్నీ దొరుకుతాయి. దాదాపు అని ఎందుకన్నానంటే, వేరే థ్రెడ్‌లో పని చేయించే స్వింగ్‌వర్కర్ నేపథ్యంలో విసిరిన ఎక్సెప్షన్ ఆ హ్యాండ్లర్‌కు రాదు. దాన్ని లోపల దాచి పెట్టుకుంటుంది. డన్ పద్ధతిలో గెట్ పిలిచినప్పుడే ఎగ్జిక్యూషన్ఎక్సెప్షన్‌లో చుట్టి బయటికిస్తుంది. చాలామంది గెట్ పిలవరు, ఫలితం అక్కర్లేదు కదా అని. అక్కడే మునుగుతారు.

బందరు_రోడ్డు (విజయవాడ)
ఫిబ్రవరి 7, రాత్రి 10:25

డాట్ నెట్‌లోనూ అలాంటి గుంటలున్నాయి, కాటా లెక్క గారికి పనికొస్తాయి కాబట్టి చెబుతాను. టైమర్లు మూడు రకాలు, మూడింటిదీ మూడు దారులు. ఫారమ్స్ టైమర్ యూఐ థ్రెడ్‌లో మోగుతుంది, తప్పు వస్తే థ్రెడ్ఎక్సెప్షన్‌కు వెళ్తుంది. థ్రెడింగ్ టైమర్ పూల్‌లో మోగుతుంది, తప్పు వస్తే ప్రాసెస్ పోతుంది. టైమర్స్.టైమర్ ఉంది చూడండి, డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో దాని ఎలాప్స్‌డ్ ఈవెంట్‌లో ఎక్సెప్షన్ వస్తే అది పూర్తిగా మింగేస్తుంది. ఏ హ్యాండ్లర్‌కూ చెప్పదు. ప్రతి పది నిమిషాలకూ డేటా కాపీ తీయడానికి దాన్ని వాడిన ఒక చోట, కాపీలు నెలల తరబడి రావడం లేదని డిస్క్ పాడైన రోజున తెలిసింది.

ఎదురుచూడని టాస్కులూ అంతే. డాట్ నెట్ 4.0లో అలాంటి టాస్క్‌లో తప్పు దాగి ఉంటే, చెత్త ఏరే (వాడని జ్ఞాపకాన్ని రన్‌టైమ్ ఖాళీ చేసే) సమయంలో ప్రాసెస్ కూలేది. 4.5లో ఆ నియమాన్ని సడలించారు, ఇప్పుడు నిశ్శబ్దంగా పోతుంది. టాస్క్‌షెడ్యూలర్ తరగతిలోని అన్‌అబ్జర్వ్‌డ్ ఈవెంట్‌కు ఒక లాగ్ తగిలించండి.

పటమట_డెవ్ (విజయవాడ)
ఫిబ్రవరి 8, ఉదయం 11:15

ఖాళీ హ్యాండ్లర్ తీసి మెసేజ్ బాక్స్ పెట్టాను. ఒక కొత్త చిక్కు వచ్చింది. టైమర్ మోగినప్పుడల్లా ఒక గ్రిడ్‌ను నింపే కోడ్‌లో తప్పు ఉంది. మెసేజ్ బాక్స్ వస్తుంది, మూయగానే మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు మూసినా అంతే.

గవర్నర్‌పేట_పాతకోడ్ (విజయవాడ)
ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 12:00

మెసేజ్ బాక్స్ కూడా ఒక సందేశాల చక్రమే. అది తెరిచి ఉన్నంతసేపూ కింద టైమర్లు మోగుతూనే ఉంటాయి, కిటికీలు గీసుకుంటూనే ఉంటాయి. టైమర్ మళ్లీ మోగుతుంది, మళ్లీ తప్పు, మళ్లీ బాక్స్. మొదటిది మూయకముందే ఇంకోటి వచ్చి బాక్సుల మీద బాక్సులు పేరుకుంటాయి. హ్యాండ్లర్ మొదట్లో ఒక జెండా పెట్టు. ఇప్పటికే ఒకటి చూపిస్తున్నామంటే రెండోదాన్ని లాగ్‌లో రాసి వెనుదిరగాలి. ముందు లాగ్ రాయి, తర్వాతే బాక్స్. బాక్స్ చూపించే లోపు కరెంటు పోయినా రాసింది మిగులుతుంది. లాగ్ రాసే కోడ్‌లోనూ తప్పు రావచ్చు, దానికి విడిగా ట్రై ఉండాలి. ఫైలును ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకు, మామూలు యూజర్‌కు అక్కడ రాసే అనుమతి ఉండదు. లోకల్ ఆప్ డేటాలో పెట్టు.

ఏటుకూరు_కొట్టు (గుంటూరు)
ఫిబ్రవరి 8, సాయంత్రం 7:30

నేను ప్రోగ్రామర్‌ను కాదు. యార్డులో గుమాస్తాను. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే మొత్తం చదివించుకుని విన్నాను. మా కొట్టు ప్రోగ్రామ్ వేరే, కానీ బాధ ఒకటే.

మీరు చూపించే సందేశాల గురించి ఒక మాట. ఏదో ఇంగ్లిషులో పది వరుసలు వస్తాయి. మాకు అందులో కావాల్సింది రెండే ముక్కలు. ఇప్పుడు కొట్టిన చీటీ పడిందా, పడలేదా? నేనిప్పుడు ఏమి చేయాలి? పడిందో లేదో తెలియక మళ్లీ కొడతాం, ఒక రైతుకు రెండు చీటీలవుతాయి. లేదా పడిందనుకుని వదిలేస్తాం, సాయంత్రం పట్టీలో ఆ రైతు పేరే ఉండదు. పెద్ద బస్తాల లెక్క అయితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. రెండు మూడు టిక్కీలు తెచ్చుకున్న చిన్న రైతు అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతాడు. దయచేసి ఆ రెండు ముక్కలు తెలుగులో రాయండి.

బందరు_రోడ్డు (విజయవాడ)
ఫిబ్రవరి 8, రాత్రి 8:10

అయ్యా, ఇన్ని రోజుల చర్చలో మేమెవ్వరం అడగని ప్రశ్న మీరు అడిగారు. చీటీ పడిందా లేదా అన్నది హ్యాండ్లర్ తన ఊహతో చెప్పకూడదు. డేటాబేస్‌ను చివరి చీటీ నంబరు అడిగి, అది చెప్పినదే తెరమీద పెట్టాలి.

కాటా_లెక్క (గుంటూరు)
ఫిబ్రవరి 9, రాత్రి 11:10

ఆదివారమంతా కూర్చుని తిరగరాశాను. బఫర్, ట్రైపార్స్ పెట్టాను. గవర్నర్‌పేట గారు చెప్పినట్టు మొదటి వాక్యంలో తూకం చెరపడం, చివరి వాక్యంలో బటన్ తెరవడం. థ్రెడ్ఎక్సెప్షన్ ముందు లాగ్ రాస్తుంది, తర్వాత చివరి చీటీ నంబరు చూపించి మూసేస్తుంది. గుమాస్తా కొడుతున్న పేరు, రకం, టిక్కీలు కొట్టినవి కొట్టినట్టు ఒక చిన్న పట్టికలో భద్రమవుతుంటాయి. చిన్న కాపలా ప్రోగ్రామ్ ఒకటి పక్కన నడుస్తుంది. కాటా ప్రోగ్రామ్ తప్పుతో ముగిస్తే మళ్లీ తెరుస్తుంది. నిమిషంలో మూడుసార్లు పడితే మాత్రం తెరవడం మానేసి నాకు ఫోను చేయమని చెబుతుంది.

ఒక్కటి పట్టలేకపోతున్నాను. యూఎస్‌బీ కన్వర్టర్‌ను కావాలని లాగేశాను. నా కోడ్‌లో ఎక్కడా లేని చోట ఎక్సెప్షన్ వచ్చి ప్రాసెస్ పోయింది.

బందరు_రోడ్డు (విజయవాడ)
ఫిబ్రవరి 9, రాత్రి 11:45

అది సీరియల్ పోర్టు తరగతి తన లోపల నడిపే సొంత థ్రెడ్‌లో పుట్టేది. మీ ట్రై అక్కడికి చేరదు. అన్‌హ్యాండిల్డ్ఎక్సెప్షన్ మోగుతుంది, లాగ్ రాసుకోవచ్చు, అంతకుమించి చేయలేరు. ఇలాంటి వాటి కోసమే మీ కాపలా ప్రోగ్రామ్. పోర్టు చదివే పనిని వేరే చిన్న ప్రాసెస్‌కు అప్పగిస్తే పడినా అదొక్కటే పడుతుంది, కానీ సీజన్ మధ్యలో అంత మార్పు వద్దు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు చూడండి. ఇప్పటికి ఆ వైరును టేపుతో గట్టిగా కట్టించండి.

కాటా_లెక్క (గుంటూరు)
ఫిబ్రవరి 15, రాత్రి 10:00

వారం గడిచింది. ప్రోగ్రామ్ రెండుసార్లు మూసుకుంది. ఒకసారి హమాలీ కాలు తగిలి వైరు ఊడింది. రెండోది ప్రింటర్ దగ్గర, నేను ఊహించని తప్పు, లాగ్‌లో పూర్తిగా దొరికింది, మరుసటి రోజే సరిచేశాను. రెండుసార్లూ కొన్ని సెకన్లలో మళ్లీ తెరుచుకుంది. రైతు పేరు, టిక్కీల సంఖ్య అలాగే ఉన్నాయి, తూకం గడి ఖాళీగా ఉంది. రోజూ సాయంత్రం పక్కపక్క చీటీల్లో ఒకే తూకం ఉందేమో వెతికే చిన్న క్వెరీ కూడా పెట్టాను. ఉంటే ఆ చీటీల జాబితా గుమాస్తా గారి ముందుకు వస్తుంది. ఈ వారం రెండు వచ్చాయి. కాటా పుస్తకంతో సరిచూస్తే రెండూ నిజమైన తూకాలే.

ఏటుకూరు_కొట్టు (గుంటూరు)
ఫిబ్రవరి 16, ఉదయం 8:20

బాబూ, ఆ ఖాళీ గడిలో “తూకం మళ్లీ తీయండి” అని పెద్ద అక్షరాలతో రాయి. ఖాళీగా ఉంటే రద్దీలో కొత్త కుర్రాడు చేత్తో అంకె కొట్టేస్తాడు.

కాటా_లెక్క (గుంటూరు)
ఫిబ్రవరి 16, ఉదయం 9:05

రాశానండీ. చేత్తో కొట్టడానికి వీలు లేకుండా ఆ గడిని మూసేశాను కూడా. కాటా పాడైన రోజున మాత్రం యజమాని తన పాస్‌వర్డుతో తెరవగలరు, అప్పుడు చీటీ మీద “చేతి తూకం” అని పడుతుంది.